తెర లేని పలక

మా అక్క కూతురికి మంచి పేరే పెట్టారు గానీ, ఆ పేరు బడి హాజరుపట్టీ దాటి బయటికి రాలేదు. ఇంట్లో అందరికీ అది గీతలమ్మే. నడక వచ్చిన దగ్గర్నుంచీ చేతికందిన ప్రతిదాని మీదా గీతలు గీస్తూ పెరిగింది. గోడలయ్యాయి, పాత కరెంటు బిల్లుల వెనకవైపులయ్యాయి, మా బావ తను పనిచేసే బేకరీ నుంచి తెచ్చే అట్టపెట్టెల మూతలయ్యాయి. ఆరో తరగతికి వచ్చేసరికి వాళ్లమ్మ ఫోను మీద పడింది.

ఆ ఫోనులో బొమ్మలు వేసుకునే యాప్ ఒకటి ఉచితంగా దొరికింది. చూపుడువేలే కుంచె. అరచెయ్యంత జాగాలో ఆ పిల్ల మనుషుల వీపులు గీసేది. ముఖాలు కాదు, వీపులే. బస్సు కోసం నిలబడ్డవాళ్లవీ, కౌంటరు ముందు వరసలో విసుగ్గా కాళ్లు మార్చుకునేవాళ్లవీ. ముఖాలెందుకు వెయ్యవే అని అడిగితే, తమని గీస్తున్నారని తెలియగానే మనుషులు ముఖం సర్దుకుంటారట, వీపుకి ఆ తెలివి ఉండదట. అంత చిన్నపిల్ల నోట ఆ మాట విని నేను నోరెళ్లబెట్టాను. నాది కూడా ఒకటి గీసింది. నేను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కుని. వాళ్ల బిల్డింగులో లిఫ్టు మొరాయించిన రోజున తలుపు సందులోకి వంగి చూస్తున్న నా వీపు అది. ఒక భుజం పైకి, ఒక భుజం కిందికి, నడుము దగ్గర చొక్కా పైకి లేచిపోయి ఉంది. ముఖం లేకపోయినా మా వీధిలో ఎవరికి చూపించినా నన్నే అంటారు. మా బావ అది చూసి పడీ పడీ నవ్వాడు.

అక్క ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. సెలవు రోజైనా ఫోను మోగిందంటే చెప్పులేసుకోవాల్సిందే. ఒక మధ్యాహ్నం అక్క స్నానానికి వెళ్లినప్పుడు ఫోను మోగింది. గీతలమ్మ అప్పుడే ఒక పొడుగాటి గీత మధ్యలో ఉంది. వేలు ఎత్తితే గీత తెగుతుంది. అందుకని తెర పైన కనపడ్డ కాల్‌ని రెండో చేతి వేలితో పక్కకి తోసేసి గీత పూర్తి చేసింది. మళ్లీ మోగింది, మళ్లీ తోసేసింది. అక్క బయటికొచ్చి, మిస్డ్ కాల్స్ చూసుకుని, ఆస్పత్రికి పరిగెత్తి చేరేసరికి ఆమె స్థానంలో ఇంకో నర్సు చేతులు కడుక్కుని లోపలికి వెళ్లిపోయింది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు.

మా అక్కకి కోపమొస్తే అరవదు, గొంతు తగ్గిస్తుంది. ఎంత తగ్గిస్తే అంత భయం. ఈ ఫోను మోగిందంటే అక్కడెవరో బల్లమీద పడుకుని ఉన్నట్టు అని మాత్రం చెప్పిందట. గీతలమ్మ ఏడవలేదు, సాకులు చెప్పలేదు. ఆ రోజు నుంచి ఫోను ముట్టుకోలేదు. అంతవరకూ బాగానే ఉంది గానీ, కాగితం కూడా ముట్టుకోలేదు. బడి నుంచి వచ్చి, చేతులు ఒళ్లో పెట్టుకుని, పెద్దవాళ్లలా కుర్చీలో కూర్చునేది.

అక్క నాకు ఫోను చేసింది.

"ఒరే తమ్ముడూ, బొమ్మలు గీసుకునే టాబ్లెట్లు ఉంటాయట కదా. మనకి అందుబాటులో ఉండేది ఒకటి చూడు. నేను ఫోను ముట్టుకోవద్దన్నాను గానీ బొమ్మలు మానెయ్యమనలేదు. అది అలా బుద్ధిగా కూర్చుంటే నేను చూడలేకపోతున్నాను."

కరెంటుతో నడిచేదేదైనా నాకు తెలుసని మా ఇంట్లో గట్టి నమ్మకం. మిక్సీ ఆగినా నేనే, బావ చెవిలో పెట్టుకునే పాటల మిషను మూగబోయినా నేనే. లిఫ్టులు లేపేవాడికి పలక కొనడం ఒక లెక్కా అని బావ నన్ను మునగచెట్టు ఎక్కించాడు. టాబ్లెట్ అనే మాట ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు. ఆయనకి అది కరెంటు పలక. "పలక కొనిస్తాం గానీ బలపం తినకూడదు" అని కూతుర్ని ఏడిపించాడు. చాలా రోజుల తర్వాత గీతలమ్మ నవ్విందట.

భోజన విరామాల్లో మోటారు గదిలో కూర్చుని నేను వీడియోలు చూశాను. చూసినకొద్దీ ఉన్న మతి కూడా పోయింది. ఒకడు ఇదే కొనమంటాడు, ఇంకొకడు ఇదొక్కటీ కొనొద్దంటాడు. చివరికి నాకు అర్థమైంది ఏమిటంటే, ఇవి మూడు రకాలు. ఒకటి ఫోనుకి పెద్దన్నలాంటిది, దేనికీ తగిలించనక్కర్లేకుండా ఒంటరిగా పనిచేస్తుంది. రెండోదానికి తెర ఉంటుంది, కంప్యూటరుకి తగిలించి ఆ తెరమీదే గీయాలి. మూడోది ఉత్త నల్లటి పలక. దానిమీద పెన్నుతో గీస్తే గీత అక్కడ కనపడదు, ఎదురుగా ఉన్న కంప్యూటరులో కనపడుతుంది. మొదటి రెండూ మా తాహతుకి మించినవని నాకు ముందే తెలుసు. అయినా పిల్ల చెయ్యి పెట్టి చూడకుండా నేనొక్కణ్ణే తేల్చడం న్యాయం కాదనిపించింది. శనివారం దాన్ని వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లాను.

రెండు మెట్లెక్కి వెళ్లే చిన్న దుకాణం. కంప్యూటరు సామాన్లతో నిండిపోయి, మనిషి పక్కకి తిరిగి నడవాలి. నడిపేది ఒకావిడ, ముక్కు మీదికి జారే కళ్లజోడు. నేను నాకు తెలిసిన పేర్లన్నీ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాను. ఆవిడ నన్ను వదిలేసి పిల్లనడిగింది, ఏం గీస్తావమ్మా అని. వీపులు అంది గీతలమ్మ. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని, స్టూలు లాగి, తెర ఉన్న దాని ముందు కూర్చోబెట్టింది.

పెన్ను పట్టుకున్న క్షణం నుంచి ఆ పిల్ల మాకు లేదు. అటు తిరిగి అట్టపెట్టెలు సర్దుతున్న కూలిమనిషి వీపు నాలుగు గీతల్లో తెరమీదికి వచ్చేసింది. మెడ ముడతలతో సహా. దుకాణంలో ఉన్న ఇద్దరు ముగ్గురు వచ్చి వెనక నిలబడ్డారు. గట్టిగా నొక్కితే గీత లావవుతోంది, తేలిగ్గా ఆనిస్తే వెంట్రుకంత అవుతోంది. అది కనిపెట్టాక ఒక లావు గీత, ఒక సన్న గీత పక్కపక్కనే గీసుకుంటూ పోయింది. ఇన్నాళ్లూ వేలితో, ఒకే లావు గీతతో అన్ని బొమ్మలు గీసిందంటే, అది చేతులు కట్టేసి ఈత కొట్టడం లాంటిదే.

తర్వాత పెట్టెమీద అంటించిన ధర చీటీ వైపు దాని కళ్లు వెళ్లాయి. నేను చూశానని దానికి తెలియదు. ఇంకో గీత గీసి, పెన్ను మెల్లగా కింద పెట్టింది.

"ఇది వేడెక్కుతోంది మామయ్యా. చెయ్యి కాలుతుంది. ఇంకోటి చూద్దాం."

నేను దానిమీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. దుకాణం ఆవిడ కూడా చెయ్యి పెట్టి చూసి, అవునమ్మా, కొంచెం వేడెక్కుతుంది అంది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

నల్ల పలక ముందుకొచ్చింది. సన్నగా, బరువు లేకుండా, వంట చేసుకునే పెనమంత ఉంది. కాగితం మీద పెన్సిలు రాసుకున్నట్టు గరుకుగా ఉందని పిల్ల మెచ్చుకుంది. తీరా గీయబోతే ఒక్క గీతా మాట వినలేదు. గుండ్రం గీస్తే రెండు కొసలూ కలవకుండా ఒకదానికొకటి మొహం చాటేశాయి. చెయ్యి చూస్తే తెర కనపడదు, తెర చూస్తే చెయ్యి దారి తప్పుతుంది. దుకాణం ఆవిడ దాపరికం లేకుండా చెప్పింది. అందరికీ మొదట్లో ఇంతేనట, కొందరు విసిగి మూల పడేస్తారట, అలవాటైనవాళ్లు మాత్రం వదలరట. మరీ చిన్నది తీసుకుంటే మణికట్టు ఒక్కటే కదులుతుంది, మధ్యరకం తీసుకుంటే భుజం కూడా ఆడుతుంది, వీపులు గీసే పిల్లకి భుజం ఆడాలి అంది. పెన్నులో బ్యాటరీ లేనిదే ఏరి ఇచ్చింది. వచ్చేవారం ఆఖరుకల్లా కుదరకపోతే తిరిగి తీసుకుంటానంది. ఆవిడకి అమ్ముకోవడం రాదనిపించింది నాకు. మెట్లు దిగాక, ఇంతకన్నా బాగా ఎలా అమ్ముతారు అనిపించింది.

ఇంట్లో నా పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. మడత దగ్గర విరిగి తెర నిలబడదు, గోడకి ఆనించి పెట్టాలి. దానికి పలక తగిలించి ఇచ్చాను. ఆ వారమంతా గీతలమ్మ బడి నుంచి రాగానే దాని ముందు కూర్చుంది. నేను వెళ్లినప్పుడల్లా అదే తంతు. మెడ పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది, గీతలు పుల్లల కట్ట జారిపోయినట్టు తెరంతా చిందరవందరగా పడి ఉంటాయి. కాగితం మీద కళ్లు మూసుకుని గీయగల పిల్ల, నిలువుగీత ఒకటి తిన్నగా గీయలేకపోతోంది. గురువారం పలకని దాని సంచిలో తిరిగి పెట్టేసి, పెన్నుకి మూత కూడా పెట్టి, నా చేతికిచ్చింది.

"తిరిగిచ్చెయ్ మామయ్యా. పలక మంచిదే. నా చెయ్యే మంచిది కాదు."

అక్క అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. ఆ మాట విని చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చింది. సంచి నా దగ్గర్నుంచి తీసుకుని, కూతురి పక్కన కింద కూర్చుంది. తమ డాక్టరమ్మ పిత్తాశయంలో రాళ్లు తీసేటప్పుడు పొట్ట పెద్దగా కొయ్యదని, చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, సన్నటి కెమెరా లోపలికి పంపి, ఎదురుగా టీవీలో చూస్తూ చేస్తుందని చెప్పింది. చేతులు ఇక్కడుంటాయి, కళ్లు అక్కడుంటాయి.

గీతలమ్మ తన చేతుల వైపు చూసుకుంది. మరి చేతుల్ని చూసుకోదా అని అడిగింది. చూసుకుంటే పని చెడుతుంది అంది అక్క. అందరూ అలాగే చేస్తారా అంటే, నేర్చుకుంటే చేస్తారు అంది. ఎలా నేర్చుకుంటారు అంటే, అది ఆవిడనే అడుగుదాం అంది.

నేను ఉత్తమాటే అనుకున్నాను. కానీ అక్క నిజంగానే అడిగింది. శనివారం మధ్యాహ్నం, ఆపరేషన్లు లేని వేళలో, నేను విరిగిన ల్యాప్‌టాప్‌ని పసిబిడ్డలా చంకలో పెట్టుకుని వాళ్లిద్దరి వెంట ఆస్పత్రి వెనకవైపు గదికి వెళ్లాను. కొత్త డాక్టర్లు చేతులు అలవాటు చేసుకునే గది అది. ఒక బల్ల, బల్లమీద మూత ఉన్న పెట్టె, పెట్టెకి మూడు రంధ్రాలు, రెండింటిలోంచి కర్రల్లాంటి పొడుగాటి పట్టకార్లు. మూడోదాంట్లోంచి లోపలికి కెమెరా కర్ర, ఎదురుగా టీవీ. డాక్టరమ్మ పొట్టి మనిషి. బల్ల అందడానికి కాళ్లకింద పీట వేసుకుని ఉంది. పెద్ద పేరున్న మనిషి అని విని నేను వినయంగా మూలకి నిలబడ్డాను. నా పని గురించి అక్క ముందే చెప్పిందేమో, ఆవిడ నన్ను చూసి, ఆ గదిలోకి వినపడే లిఫ్టు చప్పుడు ఎప్పుడు పోతుందో చెప్పమంది.

పెట్టెలో రెండు గిన్నెలున్నాయి. ఒకదానిలోని చిక్కుడు గింజలు ఇంకోదానిలో వెయ్యాలి, టీవీ చూస్తూ. గీతలమ్మ పీట ఎక్కి పట్టకార్లు పట్టుకుంది. ఎడమకి తోస్తే కుడికి పోతోంది. గింజ ఒకటి పట్టుబడి, గిన్నె దాకా వెళ్లి, జారిపోయింది. డాక్టరమ్మ నవ్వలేదు. తను నేర్చుకునే రోజుల్లో తోటివాళ్లందరికీ ముందు వచ్చేసిందనీ, తనకే రాలేదనీ, పెద్ద డాక్టరు ఒకాయన వేరే పని చూసుకోమన్నాడనీ చెప్పింది. ఇంటికెళ్లి చెప్పుల అట్టపెట్టెకి రంధ్రాలు పెట్టుకుని, పైన చౌక కెమెరా కట్టుకుని, అన్నం తినడానికి ముందు గింజలు మార్చి, తిన్నాక మళ్లీ మార్చేదట.

"చెయ్యి మొదట్లో మన మాట వినదమ్మా. తొంగి తొంగి చూశావనుకో, ఇంకా గారాలు పోతుంది. నువ్వు చూడటం మానేస్తే, చచ్చినట్టు దారికొస్తుంది."

తర్వాత ఆ పలకేదో తనకీ చూపించమంది. నేను ల్యాప్‌టాప్‌ని గోడకి ఆనించాను. డాక్టరమ్మ పెన్ను తీసుకుని, తెర వైపే చూస్తూ, ఒక్క ఊపులో గుండ్రం గీసింది. కొసలు కలిశాయి. దాని పక్కన ఇంకొకటి, దానికన్నా చిన్నది. అదీ కలిసింది. చెయ్యి వణకలేదు, ఆగలేదు, ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. గీతలమ్మ తెరకి దగ్గరగా జరిగింది. పిల్లిని వెయ్యండి అని అడిగింది. ఆవిడ వేసింది. వంకాయకి చెవులు మొలిచినట్టు వచ్చింది. అందరికన్నా ఎక్కువగా ఆవిడే నవ్వింది. నాకు గీత వచ్చుగానీ బొమ్మ రాదు, నీకు బొమ్మ వచ్చు, గీతదేముంది, వస్తుంది అంది.

అప్పుడు ఆవిడ అన్న మాట మేం ఎవరమూ అనుకోనిది.

"అసలు ఇంట్లో మీ అమ్మని పెట్టుకుని నా దగ్గరికెందుకు వచ్చావు? లోపల కెమెరా పట్టుకునేది తనే. నేను ఎటు చూడాలో నాకన్నా ముందు తనకి తెలుస్తుంది. సిస్టర్, ఒకసారి పట్టుకోండి."

అక్క సిగ్గుపడింది. చీర కొంగు బొడ్లో దోపుకుని, చేతులు తుడుచుకుని, పెట్టెలోని కెమెరా కర్ర కొస పట్టుకుంది. డాక్టరమ్మ పట్టకార్లు తీసుకుంది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆవిడ గింజ వైపు కదిలేసరికి టీవీలో గింజ మధ్యకి వచ్చేసి ఉంటోంది. గిన్నె వైపు తిరిగేసరికి గిన్నె ఎదురొస్తోంది. బొమ్మ ఎక్కడా అదరలేదు, నీళ్లమీద పడవలా సాగింది. నేను ఇన్నేళ్లుగా నా అక్క అని, నర్సు అని, అలిసిపోయి ఇంటికొచ్చే మనిషి అని చూసినామెని ఆ వేళ కొత్తగా చూశాను. అక్క నిలువునా సాగినట్టు, వెన్ను తిన్నగా, మోచెయ్యి ఒంటికి ఆనించి, రెప్ప వెయ్యకుండా నిలబడింది.

గీతలమ్మ టీవీని చూడలేదు. గింజలనీ చూడలేదు. అడుగు వెనక్కి వేసి, గోడకి ఆనుకుని, వాళ్లమ్మ వీపునే చూస్తూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం బావ బేకరీ పెట్టె ఒకటి తెచ్చి ఇచ్చాడు. తల్లీకూతుళ్లు దానికి రంధ్రాలు చేశారు. అక్క తన ఫోను పైన నిలబెట్టి, కెమెరా తెరిచి, కూతురి చేతికి వంటింటి పట్టకారు ఇచ్చింది. ఫోను మోగితే ఆట బందు అన్నది ఒక్కటే షరతు. బఠానీలు ఇల్లంతా దొర్లాయి. బావ తొక్కి జారబోయి, కరెంటు పలకకన్నా ఇదే చౌక అన్నాడు. పెట్టె పని అయ్యాక పలక. అక్క తెరమీద చుక్కలు పెట్టేది, పిల్ల చుక్కకి చుక్క కలపాలి. కళ్లు కిందికి దిగితే అక్క ఏమీ అనదు, గడ్డం కింద వేలు పెట్టి తల పైకెత్తుతుంది. చుక్కలు కలపడం నుంచి గుండ్రాలకి, గుండ్రాలనుంచి పొడుగాటి వంపులకి వచ్చారు. డ్యూటీ నుంచి ఎంత అలిసి వచ్చినా అక్క ఆ కాసేపు మానలేదు. ఆ పిల్ల మానలేదు. నేను చూసి చూసి విసుగొచ్చి ఇంటికెళ్లిపోయేవాణ్ణి, వాళ్లిద్దరికీ విసుగు రాలేదు.

దుకాణం ఆవిడ ఇచ్చిన గడువు నేను మాట్లాడి ఇంకో వారం పొడిగించుకున్నాను. ఆ వారమూ దగ్గరపడింది. తిరిగివ్వాలా, ఉంచాలా అని ఫోను చేసి అడిగాను. అక్క ఫోను గీతలమ్మకిచ్చింది.

"దేన్ని తిరిగివ్వాలి మామయ్యా?" అంది అది, నిజంగానే తెలియక.

ఆదివారం వెళ్లేసరికి పెద్ద గదిలో కిటికీ పక్కన కూర్చుని ఉంది. పలక ఒళ్లో పెట్టుకుంది, ఒకవైపు వాలిపోయి ఉంది, దానికి ఆ సంగతి పట్టినట్టు లేదు. చెయ్యి తనపాటికి తను తిరుగుతోంది. భుజం కదులుతోంది. కళ్లు తెరమీదే. నేను వచ్చి వెనక నిలబడ్డానని కూడా తెలియదు.

తెరమీద ఒక గది. పైనుంచి దీపం వెలుగు. బల్ల చుట్టూ ముసుగులు కట్టుకున్న మనుషులు. పీట ఎక్కి నిలబడ్డ పొట్టి మనిషిని నేను వెంటనే గుర్తుపట్టాను. ఆమె పక్కన, మాకు వీపు చూపిస్తూ, ఒక పొడుగాటి మనిషి. తలకి టోపీ, నడుం దగ్గర వెనక్కి కట్టిన ముడులు. ఆ వీపులో అలసట ఉంది, అలసట మీద పట్టు ఉంది. లావు గీత భుజం దగ్గర మొదలై వెన్ను వెంట దిగుతూ దిగుతూ సన్నబడి మాయమైంది. మా పిల్ల ఆపరేషన్ థియేటర్లో ఎప్పుడూ అడుగు పెట్టలేదు. దీపం ఎక్కడుంటుంది, ముడి ఎన్నో చోట కడతారు, ఎవరు ఎటు నిలబడతారు అని వారం రోజులుగా వాళ్లమ్మని అడిగి అడిగి గీసిందట.

అక్క వంటింట్లోంచి వచ్చింది. నాలాగే వెనక నిలబడి చూసింది.

"ఎవరది?" అంది, తెలిసి కూడా.

"నువ్వే."

"నేనంత పొడుగుంటానా?"

"ఇంట్లో ఉండవు. బల్ల దగ్గర ఉంటావు" అంది గీతలమ్మ, గీత ఆపకుండా.

అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది. పొయ్యి కట్టేసిన చప్పుడు వినపడింది. మళ్లీ వచ్చి, ఈసారి ముందుకి వంగి, మొత్తం బొమ్మని ఆ మూల నుంచి ఈ మూలకి చూసింది. కుడి మోచెయ్యి తప్పుందని చెప్పింది. అంత బయటికి ఉంటే కాసేపటికే చెయ్యి లాగుతుంది, ఒంటికి ఆనించాలి అంది. ఎలాగో చూపించమంది పిల్ల. అక్క గది మధ్యలో మాకు వీపు పెట్టి నిలబడి, లేని కెమెరాని పట్టుకుంది. గీతలమ్మ కుర్చీ కొంచెం జరుపుకుని, తెరనీ వాళ్లమ్మనీ మార్చి మార్చి చూస్తూ ఆ మోచెయ్యి చెరిపి మళ్లీ గీయడం మొదలుపెట్టింది. చాలా, తిరగొచ్చా అని అక్క అడిగింది. ఇంకా లేదు, కదలకు అంది గీతలమ్మ.